అత్త పెట్టెలో దొరికిన కాగితం

మిరప కోతల కాలంలో మాచర్ల వైపు ఏ చేలో అయినా సరే, మధ్యాహ్నం క్యారేజీలు విప్పే వేళ ఆడవాళ్ల మధ్య ఈ ప్రశ్న దొర్లుతుంది. "నీకు సంచి ఉందా, తీసేశారా?" పన్ను పీకించుకున్నావా అని అడిగినంత తేలిగ్గా అడుగుతారు. "రెండో కాన్పయిన నాలుగేళ్లకే తీసేశారు" అని అవతలావిడ కూడా అంతే తేలిగ్గా చెబుతుంది. ముప్పై అయిదు నిండకుండా గర్భసంచి పోవడం మా పల్నాడులో ఎవరికీ వింత కాదు.

మా మేనత్తకి 33వ ఏట తీశారు. తెల్లబట్ట, నడుంనొప్పి అని ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లింది. స్కానింగ్ చూసి, "ఉంచుకుంటే క్యాన్సరుగా మారిద్ది" అన్నారు. పిల్లల ఆపరేషన్ ఎప్పుడో అయిపోయింది, ఇంక దాంతో పనేముందని ఇంట్లోవాళ్లూ ఒప్పుకున్నారు. వడ్డీకి తెచ్చి కట్టారు. తర్వాత కొన్నాళ్లకే ఒంట్లో ఆవిర్లు, నిద్రలేని రాత్రులు, కీళ్ల నొప్పులు మొదలయ్యాయి. అడిగితే బలానికని బిళ్లలు ఇచ్చి పంపారు. ఇప్పుడామెకి 62. పోయిన శివరాత్రికి కోటప్పకొండ తిరణాలలో నా చెయ్యి పట్టుకు నడుస్తూ, "అమ్మాయ్, ఇది ఏ ఊరే?" అంది. పుట్టినప్పటి నుంచి ఏటా ప్రభ వెంట వచ్చిన కొండ అది.

ఆమె ట్రంకుపెట్టెలో మొన్న డిశ్చార్జి కాగితం దొరికింది. గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేసినట్టు ఇంగ్లీషులో ఒక్క వాక్యం ఉంది. ఇన్నేళ్లలో ఆ వాక్యాన్ని ఆమెకి చదివి చెప్పినవాళ్లు లేరు.

మా అత్త మతిమరుపుకి ఆ ఆపరేషనే కారణమని నేను అనను. ఆమెకి బీపీ ఉంది. చెవి సరిగా వినపడదు. బడి మొహం చూడనివ్వలేదు. మతి తప్పే జబ్బు డిమెన్షియాకి దారితీసే కారణాల్లో ఇవన్నీ ఉన్నాయి. పైగా మన దేశంలో 60 దాటిన మగవాళ్లలో 5.8 శాతం మందికి డిమెన్షియా ఉంటే, ఆడవాళ్లలో 9 శాతం మందికి ఉందని 2023లో వెలువడిన జాతీయ అంచనా. కానీ 33వ ఏట అండాశయాలు తీసేస్తే ఏం జరుగుతుందో తెలిశాక ఆ కాగితాన్ని మడిచి మళ్లీ పెట్టెలో పెట్టలేకపోయాను.

ముట్లుడగడం మామూలుగా ఏళ్ల తరబడి మెల్లగా జరిగే పని. మన దేశంలో సగటున 46, 47 ఏళ్లకి ఆగిపోతాయి. అండాశయాలు తీసేస్తే ఈస్ట్రోజన్ ఒక్కసారిగా పడిపోతుంది. ఎముకలకీ, గుండెకీ, మెదడుకీ ఆ హార్మోను కావాలి. గర్భసంచి ఒక్కటే తీసి అండాశయాలు ఉంచినా, అవి సగటున కొన్నేళ్లు ముందే అలిసిపోతాయి. అమెరికాలో మేయో క్లినిక్ పరిశోధకులు 1950 నుంచి 1987 మధ్య అండాశయాలు తీయించుకున్న మహిళల్ని దశాబ్దాల పాటు గమనించి 2007లో ఫలితాలు ప్రకటించారు. ఎంత చిన్న వయసులో తీస్తే మతి తప్పే ముప్పు అంత పెరిగింది. రెండు అండాశయాలూ పోయినా కనీసం 50 ఏళ్ల దాకా ఈస్ట్రోజన్ వాడినవారిలో ఆ పెరుగుదల కనిపించలేదు.

అయితే హార్మోను మందు పేరెత్తగానే, అది మతి పోగొడుతుందంటారు కదా అని చదువుకున్నవాళ్లు అడ్డుపడతారు. ఆ భయానికి మూలం 2003 నాటి అమెరికా అధ్యయనం. 4,532 మందిలో 61 మందికి డిమెన్షియా వచ్చింది. వారిలో 40 మంది ఈస్ట్రోజన్‌తో రెండో హార్మోను కూడా కలిపిన బిళ్ల వాడినవారు, 21 మంది ఉత్తుత్తి బిళ్ల వాడినవారు. కానీ ఆ అధ్యయనంలో ఉన్నవాళ్లంతా 65 నిండాక బిళ్ల మొదలుపెట్టినవారు. ముట్లు ఆగి ఎన్నో ఏళ్లు గడిచినవారి ఫలితాన్ని ముప్పై మూడేళ్ల మనిషికి అంటగట్టడం అన్యాయం. పైగా గర్భసంచి లేనివారికి రెండో హార్మోనుతో సాధారణంగా పనే లేదు, ఈస్ట్రోజన్ ఒక్కటీ చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరిక మీద జరిగిన ఒక సమీక్ష 2025 డిసెంబరులో వచ్చింది. హార్మోను మందు డిమెన్షియాని పెంచుతుందనడానికీ, తగ్గిస్తుందనడానికీ గట్టి ఆధారం లేదని తేల్చింది. అంటే మతిమరుపు రాకుండా ఆపుతుందని ఈ మందు అమ్మేవాళ్లనీ నమ్మకూడదు. అండాశయాలు తొందరగా పోయినవారికి సహజంగా ముట్లుడిగే వయసు దాకా హార్మోను ఇవ్వాలని వైద్య మార్గదర్శకాలు చెప్పేది ముఖ్యంగా ఎముకల కోసం, గుండె కోసం. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారికి, రక్తం గడ్డలు కట్టే జబ్బున్నవారికి అది సాధారణంగా పనికిరాదు. ఇదంతా డాక్టరు ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాల్సిన మాట. మా అత్తకి చెప్పలేదు. కత్తి పెట్టినప్పుడు ఉన్న తొందర, తర్వాత పట్టించుకోవడంలో లేకపోయింది.

ఇది ఒక ఇంటి గోడు కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.7 శాతం, తెలంగాణలో 8.2 శాతం. దేశంలో మనమే ముందున్నాం. హైదరాబాదు డాక్టర్లు కామేశ్వరి, ప్రకాశ్ వింజమూరి ఉమ్మడి రాష్ట్రం ఉన్నప్పుడే మెదక్ పల్లెల్లో తిరిగి, అనవసరంగా జరుగుతున్న ఈ ఆపరేషన్ల గురించి గొంతెత్తారు. ఇలాంటి ఆపరేషన్లని అరికట్టడానికి కేంద్రం తయారు చేసిన మార్గదర్శకాల్ని మూడు నెలల్లో అమలుకి తేవాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాల్ని ఆదేశించింది. జిల్లా స్థాయిలోనూ పర్యవేక్షణ కమిటీలు ఉండాలన్నది వాటిలోని మాటే. 2022లో ఏర్పడిన మా పల్నాడు జిల్లాలో ఏడాదికి ఎంతమందికి గర్భసంచి తీస్తున్నారు, వారిలో నలభై లోపు వాళ్లెందరు, అండాశయాలు కూడా పోయినవాళ్లెందరు? ఈ మూడు లెక్కలూ నరసరావుపేట కలెక్టరేట్ గోడ మీద అందరికీ కనపడేట్టు పెట్టాలి.

ఇది చదువుతున్న అమ్మాయిలకీ అబ్బాయిలకీ ఒక పని చెబుతాను. మీ అమ్మకో, పిన్నికో, వదినకో గర్భసంచి తీసి ఉంటే, పెట్టెలో ఆ డిశ్చార్జి కాగితం వెతకండి. అండాశయాలు ఉంచారో తీశారో చదివి, ఆమెకి తెలుగులో చెప్పండి. తీసేసి ఉండి, ఆమెకి ఇంకా యాభై నిండకపోతే, ఈ వారమే ఆ కాగితం పట్టుకుని ప్రభుత్వాసుపత్రి ఆడడాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.