చూచి దాటిపోయినవారు

ఒక ఆదివారము ఆరాధన ముగిసినది. గుడి వసారాలో అయిదుగురు యౌవనులు గుంపుగా నిలిచియుండిరి. వారు చిన్ననాటినుండి స్నేహితులు, ఒకే సండేస్కూలులో చదువుకొన్నవారు. అందరును ఉద్యోగములలో స్థిరపడినవారే. ఆ వారమే అండమాను దీవులకు విహారయాత్ర వెళ్లి తిరిగి వచ్చిరి. వారి చుట్టు పెద్దలు, పిల్లలు మూగి సెల్‌ఫోనులో చిత్రములు చూచుచుండిరి. నీలిసముద్రము, తెల్లని ఇసుక, పడవమీద నవ్వుచున్న అయిదు ముఖములు! తరువాత కదులుచున్న కారు కిటికీలోనుండి తీసిన ఒక చిన్న వీడియో వచ్చెను. అడవి అంచున ఒక తల్లి, ఆమె చంకలో ఒక బిడ్డ. ఆమెపై బట్ట లేదు. కారులోనుండి ఒక బిస్కట్ పొట్లము ఎగిరి ఆమె కాళ్లయొద్ద పడెను. లోపలినుండి నవ్వులు వినబడెను.

"చూశారా అయ్యగారూ? జారవాలు! అందరికీ కనబడరట, మాకు కనబడ్డారు" అని ఒకడు సంతోషముతో ఫోనును నా చేతికి అందించెను.

నేను చూచితిని. దాచక చెప్పుచున్నాను, నేనును చూచితిని. ఏమియు అనక ఫోనును తిరిగి ఇచ్చివేసితిని. ఆ మౌనము నన్ను వారమంతయు బాధించినందున ఈ మాటలు వ్రాయుచున్నాను.

మొదట ఒక సంగతి స్పష్టము చేయుదును. విహారయాత్ర పాపమని నేను చెప్పుటలేదు. భోజనము చేయుటకైనను తీరికలేని శిష్యులను చూచి, ఏకాంతస్థలమునకు వెళ్లి కొంచెము సేపు అలసట తీర్చుకొనుడని చెప్పినవాడు మన ప్రభువే (మార్కు 6). స్నేహితులు కలిసి సముద్రమును చూచుట, దాని సృష్టికర్తను కొనియాడుట, కలిసి తిని కలిసి నవ్వుట, ఇవన్నియు దేవుడిచ్చిన మేళ్లు. నా వాదము సముద్రముతో కాదు, ఆ కారు కిటికీతో.

ఆ కారు నడచిన దారి ఏదో తెలిసికొనుము. 2024లో శ్రీవిజయపురమని పేరు మారిన పోర్ట్‌బ్లెయిరునుండి ఉత్తరముగా అండమాన్ ట్రంకు రోడ్డు పోవుచున్నది. జిర్కాటాంగు అనుచోట వాహనములన్నియు తెల్లవారకముందే బారులు తీరి నిలుచును. అక్కడనుండి పోలీసుల కాపుదలతో గుంపులుగా జారవాల రిజర్వు అడవిగుండా సాగును. ఆ దారిలో ఆగరాదు, చిత్రములు తీయరాదు, ఆహారము ఇయ్యరాదు అని అక్కడ ఎల్లరకు చెప్పుదురు. బారాతాంగు దీవిలోని సున్నపురాతి గుహలను, బురద కక్కు గుంటలను చూచుటకు పోవుచున్నామని యాత్రికులు చెప్పుకొందురు. అయితే చాలమంది కన్నులు గుహలకొరకు గాక దారి ప్రక్కనున్న చెట్ల సందులలో వెదకుచుండును. దేనికొరకు? మనుష్యులకొరకు! జంతువులను చూడబోయినవారివలె మనుష్యులను చూడబోవుచున్నారు.

జారవా అనునది ఇతరులు వారికి పెట్టిన పేరు. వారు తమ్మును తాము "అంగ్" అని చెప్పుకొందురు. ఆ మాటకు మనుష్యులని అర్థము. చదువరీ, ఆ అడవిలో తమ్మును మనుష్యులని పిలుచుకొనువారు కొన్ని వందలమందే ఉన్నారు. మన పట్టణపు గుడిలో క్రిస్మసు ఆరాధనకు కూర్చుండువారికంటె తక్కువమంది! ఒక జాతి అంతయు అంతే. 1990ల చివరివరకు వారు బయటివారితో కలియలేదు. కలిసిన కొద్దికాలమునకే, 1999లో, వారిలో తట్టు వ్యాధి వ్యాపించెను. 2006లో మరల వచ్చెను. మన పిల్లలకు నాలుగుదినముల జ్వరమైన వ్యాధి, దానిని ఎన్నడును ఎరుగని శరీరములకు మృత్యువు కాగలదు. కిటికీలోనుండి విసిరిన పొట్లముతో మన చేతిలోని రోగమును గూడ విసరుచున్నామని ఆ అయిదుగురికి తోచలేదు.

ఇది తెలియక జరిగినదందువా? 1956 నాటి ఆదిమజాతుల రక్షణ రెగ్యులేషను ఉన్నది. 2002లో మన సర్వోన్నత న్యాయస్థానము రిజర్వులోని ఆ రోడ్డు భాగమును మూసివేయవలెనని ఆజ్ఞాపించెను. అయినను వాహనములు నడచుచునే యున్నవి. 2012 జనవరిలో, తిండి ఆశ చూపి జారవా స్త్రీలచేత నాట్యమాడించిన వీడియోను ఒక ఆంగ్ల పత్రిక వెలికి తేగా దేశమంతయు సిగ్గుపడెను. ఆ సంవత్సరమే చట్టమును సవరించి శిక్షలను కఠినపరచిరి. చట్టమున్నది, తీర్పున్నది, దారిలో హెచ్చరికయున్నది. లేనిదెల్ల ఆ కారులో కూర్చున్నవారి హృదయములో ఒక చిన్న వణకు.

లూకా సువార్త పదియవ అధ్యాయములోని ఉపమానము నీకు కంఠపాఠమే. యెరికో త్రోవలో పడియున్నవానిని యాజకుడు చూచెను, లేవీయుడు చూచెను. ఇద్దరును చూచిరి, ఇద్దరును దాటిపోయిరి. వారి దోషము చూడకపోవుట కాదు, చూచినను పొరుగువాడు కాకపోవుట. ఈనాడు ఆ ఉపమానము చెప్పబడినయెడల లేవీయుని చేతిలో ఒక సెల్‌ఫోను ఉండును. అతడు ఆగి, చిత్రము తీసి, ఒక బిస్కట్ పొట్లము విసిరి, తానొక ధర్మకార్యము చేసితినని తలంచుచు దాటిపోవును.

ఇచ్చట మన స్నేహితులు చెప్పు జవాబులను వినవలెను. అవి మూడు.

మొదటిది: "అయ్యగారూ, అందరూ చేస్తున్నారు, మేము మాత్రమేనా?" అందరును నడచు మార్గము విశాలమైనదే. అది ఎక్కడికి పోవునో ప్రభువు చెప్పియున్నాడు. దానికి వేరు జవాబు అక్కరలేదు.

రెండవది: "మేము వారికి తిండే పెట్టాము కదా!" తిండి పెట్టినవాడు ఎదుట కూర్చుండును, పేరు అడుగును, చేతికి అందించును. మనము అతిథికి అన్నము విసరము. ఇంటి కుక్కకైనను ఆకులో పెట్టుదుము. ఒక మాట అడిగెదను, కోపగించుకొనకుము. మీ అక్క పెరటిలో బిడ్డకు పాలిచ్చుచుండగా, గోడమీదనుండి అయిదుగురు అపరిచితులు చిత్రము తీసి, ఒక మిఠాయి పొట్లము విసిరి, నవ్వుచు పోయినయెడల దానిని దానధర్మమందువా? ఆ అడవి ఆ తల్లికి పెరడు. గోడ లేదు గనుక కన్ను వేయవచ్చునని ఎవరు చెప్పిరి?

మూడవది మిక్కిలి భక్తిగా కనబడు జవాబు: "వారికీ సువార్త అందాలి కదా?" ప్రియ చదువరీ, ఈ మాట చెప్పువారు చరిత్రను ఎరుగవలెను. 1858లో ఆంగ్లేయులు ఆ దీవులలో ఖైదీల వలసను స్థాపించిరి. 1863లో కార్బిన్ అను ఒక పాదిరి రాస్ దీవిలో అండమానీయులకొరకు ఒక గృహము తెరచెను. వారిలో కొందరిని కలకత్తాకు తీసికొనిపోగా, వారిని చూచుటకు జనము గుమిగూడెను. ఆయన మేలే తలపెట్టియుండవచ్చును. కాని తుపాకుల నీడలో తెరచిన గృహము వారికి ఇల్లు కాలేదు. పొగాకును సారాయియు రోగములును వారిని క్షీణింపజేసెను. 1877లో తట్టు వచ్చి అనేకులను కొనిపోయెను. వేలకొలది ఉండిన మహా అండమానీయులు 1901 జనాభా లెక్కలలో 625 మంది, 1961లో 19 మంది. వారి భాషలలో ఒకటైన బో భాషను మాటలాడగల కడపటి వృద్ధురాలు 2010 జనవరిలో మరణించెను. ఆమెతో ఆ భాషలోని జోలపాటలును సమాధి చేయబడెను. మన పాదిరిదుస్తులుగూడ ఆ చరిత్రలో ఉన్నవని ఒప్పుకొనక ప్రార్థించుట వేషధారణయే.

2018 నవంబరులో ఒక అమెరికా యువకుడు సువార్త చెప్పవలెనని నిషేధమును దాటి ఉత్తర సెంటినల్ దీవికి పోయి ప్రాణము కోల్పోయెను. అతని హృదయమును తూచుట నా పని కాదు, దేవుని పని. అయితే అతనిని తీసికొనిపోయిన బీద మత్స్యకారులు చెరసాలకు పోయిరి. ఆ దీవివారికి ఏ వ్యాధి సోకునో అను భయము అందరికి కలిగెను. 2025 మార్చిలో మరియొక అమెరికావాడు అదే ఒడ్డున దిగి, ఒక కూల్‌డ్రింకు డబ్బాను ఒక కొబ్బరికాయను పెట్టి, వీడియో తీసికొని వచ్చి పట్టుబడెను. మొదటివాడు దేవుని పేరున పోయెను, రెండవవాడు వినోదముకొరకు పోయెను. ఇద్దరును ఆ దీవివారి సమ్మతి అడుగలేదు.

మరి సువార్త ఆ సముద్రములో ఎన్నడును ఫలింపలేదా? ఫలించినది. పంతొమ్మిదవ శతాబ్దపు చివర వేదప్పన్ సాలొమోను అను తమిళ ఉపదేశకుడు కార్ నికోబారు దీవిలోని ముస్ గ్రామమున కాపురముండి, బాలురకు చదువు చెప్పెను. ఆ బాలురలో ఒకడు జాన్ రిచర్డ్‌సన్. అతడు పెరిగి తన సొంత నికోబారీ భాషలోనికి క్రొత్త నిబంధనను తెచ్చెను, 1952లో మొదటి లోక్‌సభకు సభ్యుడుగా నియమింపబడెను, తన ప్రజలకు బిషప్పు ఆయెను. గమనింపుము! సాలొమోను కారులో పోలేదు, వారిమధ్య నివసించెను. నికోబారీయుల స్థితి వేరు, జారవాల స్థితి వేరు, నిజమే. అయితే సూత్రమొక్కటే. సువార్త మొదట పొరుగుతనము, తరువాత మాట. పొరుగుతనము కొన్నిచోట్ల దగ్గరకు పోవుట, కొన్నిచోట్ల దూరముగా నిలుచుట. జారవా తల్లికి నీవు ఈ దినము చేయగల ప్రేమకార్యము ఆమెను ఆమె అడవిలో నెమ్మదిగా బ్రదుకనిచ్చుట.

అదే అడవిలోని ఒక బాలునికి 1996లో కాలు విరిగెను. అతనిని పోర్ట్‌బ్లెయిరు ఆసుపత్రికి చేర్చి, నెలలతరబడి చికిత్స చేసి, నడిపించి తిరిగి తనవారియొద్దకు పంపిరి. అది సమరయుని పని. బిస్కట్టు విసరుట సమరయుని పని కాదు.

అపొస్తలుల కార్యములు ఇరువది యెనిమిదవ అధ్యాయము తెరువుము. ఓడ పగిలి పౌలును ఇతరులును మెలితే దీవి ఒడ్డుకు చేరిరి. వాన కురియుచుండెను, చలి వేయుచుండెను. అనాగరికులని లోకము పిలిచిన ఆ దీవివారు నిప్పు రాజబెట్టి వారినందరిని చేర్చుకొనిరి. పౌలు ఏమి చేసెను? తానును వంగి కట్టెపుల్లలు ఏరెను. అపొస్తలుడు దీవిలో ప్రసంగము చేసినట్లు అక్కడ మొదట వ్రాయబడలేదు, పుల్లలు ఏరినట్లు వ్రాయబడినది. దీవికి పోవు క్రైస్తవునికి ఇంతకంటె మంచి మాదిరి ఏది?

ఇప్పుడు స్నేహమునుగూర్చి ఒక మాట. నన్ను ఎక్కువగా బాధించినది ఇదే. ఆ కారులో అయిదుగురుండిరి. ఒక్కడైనను "వద్దురా" అనలేదు. ఒంటరిగా ఉండినయెడల వారిలో ఏ ఒక్కడును ఆ పొట్లమును విసరియుండడని నేను నమ్ముచున్నాను. ఒకని నవ్వు మరియొకనికి ధైర్యమాయెను. కపెర్నహూములో నలుగురు స్నేహితులు పక్షవాతముగలవానిని మోసికొని వచ్చి, ఇంటికప్పు విప్పి, యేసు ఎదుట దింపిరి. స్నేహమునకు అంత బలమున్నది. ఆ బలమే త్రోవ తప్పినయెడల, ఒంటరిగా చేయ సిగ్గుపడు పనిని కలిసి నవ్వుచు చేయించును. స్నేహితుడు చేసిన గాయము మేలని సామెతల గ్రంథము చెప్పుచుండగా, మనము ఒకరినొకరు గాయపరచుటకు జంకి, దారిప్రక్కనున్న అపరిచితురాలిని గాయపరచుచున్నాము. వసారాలో ఫోను పట్టుకొని మౌనముగా నిలిచిన నేను ఆ కారులో ఆరవవాడను కాక మరి ఎవడను?

కాబట్టి నీవును నీ స్నేహితులును ఆ దీవులకు పోదలచినచో సంతోషముగా పొండు. 2018లో స్వరాజ్ ద్వీపమని పేరుపొందిన హావ్‌లాకు ఒడ్డున సూర్యోదయము చూడుడు. సెల్యులర్ జైలులో మన దేశస్థులు శ్రమపడిన గదులయెదుట తలవంచి నిలువుడు. శ్రీకాకుళ విశాఖ తీరములనుండి పోయి అక్కడ స్థిరపడిన తెలుగు మత్స్యకార కుటుంబములున్నవి. వారి ఇంట కూర్చుండి చేపలకూర తినుడు, వారి కష్టసుఖములు అడుగుడు. ఆదివారము వారితో ఆరాధించుడు. జారవాలను చూపించెదమని ఎవడైన చెప్పినచో, ఆ బండి ఎక్కకుడు. మీలో ఒకడు ఎక్కబోయినచో, చేయిపట్టి ఆపుడు.

మరుసటి వారము నేను ఆ అయిదుగురిని పిలిచి ఈ మాటలే చెప్పి, నా మౌనమునకు క్షమాపణ అడిగితిని. ఇద్దరు నొచ్చుకొనిరి. ఇద్దరు తల వంచుకొనిరి. ఒకడు మాత్రము వెనుక నిలిచి, "తుడిచేస్తే సరిపోతుందా అయ్యగారూ?" అని అడిగెను. సరిపోదు నాయనా, అంటిని. ఆ వీడియో నీవు ఎందరికి పంపితివో వారియొద్దకు పోయి, అది తప్పని చెప్పుము. జక్కయ్య తీసికొన్నది నాలుగంతలుగా తిరిగి ఇచ్చెను గదా.

ప్రియ చదువరీ, అరణ్యములో దిక్కులేక ఏడ్చిన హాగరు, తన్ను చూచుచున్న దేవుడని ఆయనకు పేరు పెట్టెను. ఆ అడవి అంచున నిలిచిన తల్లిని ఆయన చూచుచున్నాడు. కారులోనివారినిగూడ చూచుచున్నాడు. ఆయన చూపులో వినోదము లేదు, కనికరమే ఉన్నది. అట్టి చూపును ఆయన మనకు దయచేయును గాక. ఆమేన్.