కొలను నీటికీ ఒక కొలత

గత వేసవిలో మా కుటుంబమంతా తమ్ముడి తోటలో కలుసుకున్నాము. హైదరాబాదు శివార్లలోని ఆ తోటలో అతడు ఒక చిన్న ఈతకొలను కట్టించాడు. చుట్టూ ఎత్తైన ప్రహరీ ఉండటం వలన ఇంటి ఆడపిల్లలు కూడా నిస్సంకోచంగా ఈత నేర్చుకుంటున్నారని అతని సంతోషం. అది సమంజసమైన సంతోషమే. అయితే మధ్యాహ్నానికల్లా పిల్లలందరి కళ్ళూ ఎర్రబడ్డాయి. "బడే అబ్బా, కళ్ళు మండుతున్నాయి" అంటూ చిన్నవాడు నా దగ్గరకు వచ్చాడు. నీటి నుండి ఘాటైన వాసన వస్తోంది.

"పనివాడు క్లోరిన్ మరీ ఎక్కువ వేసినట్టున్నాడు, భాయీజాన్! నాలుగు రోజులు వేయవద్దని చెబుతాను" అన్నాడు తమ్ముడు.

ముందు నీటిని పరీక్షించమన్నాను. కొలను కట్టినవారు ఇచ్చిన పరీక్ష పెట్టెలోని మందుల గడువు ఎప్పుడో ముగిసిపోయింది. కొత్తది తెప్పించి చూశాము. క్రిములను చంపగల స్వేచ్ఛా క్లోరిన్ లీటరుకు అర మిల్లీగ్రాము మాత్రమే ఉంది. మొత్తం క్లోరిన్ 2 మిల్లీగ్రాములు. పీహెచ్ 8. అంటే క్లోరిన్ ఎక్కువ కాలేదు, చాలలేదు. ఆ వేసవి ఎండలో మరో నాలుగు రోజులు వేయకుండా ఉంటే ఆ కొలను క్రిములకు నిలయమయ్యేది.

ఇక్కడ చాలామంది పొరపడుతున్నారు. చెమట, మూత్రం వంటి వాటిలోని నత్రజని పదార్థాలతో క్లోరిన్ కలిసినప్పుడు క్లోరమైన్లు ఏర్పడతాయి. ఆ ఘాటు వాసన, కళ్ళ మంట ప్రధానంగా వాటివే. ఇలా కట్టుబడిపోయిన క్లోరిన్‌కు క్రిములను చంపే శక్తి చాలా తక్కువ. మొత్తం క్లోరిన్ నుండి స్వేచ్ఛా క్లోరిన్‌ను తీసివేస్తే దాని పరిమాణం తెలుస్తుంది. అది అర మిల్లీగ్రాముకు లోపే ఉండాలి. మా కొలనులో ఒకటిన్నర ఉంది.

వుజూ చేసే నీటి రంగు, రుచి, వాసన గమనించాలని మన ఇళ్ళలో పిల్లలకు సైతం తెలుసు. ఈతకొలను విషయంలో ఆ గమనిక అవసరమే కాని, చాలదు. తేటగా మెరిసే నీటిలోనూ క్రిములు ఉండవచ్చు.

నీటిని పరీక్షకు తీసే పద్ధతి సులభం. సీసాను కొలను నీటితోనే కడగాలి. కొత్త నీరు వచ్చే గొట్టానికి దూరంగా, మోచేతి లోతు నుండి నింపాలి. స్వేచ్ఛా క్లోరిన్ 1 నుండి 3 మిల్లీగ్రాముల మధ్య ఉండాలి. ఎండకు క్లోరిన్ నశించకుండా కాపాడే సయనూరిక్ ఆమ్లం కలిసిన బిళ్ళలు వాడుతుంటే 2కు తగ్గరాదు. పీహెచ్ 7.2 నుండి 7.8 వరకు ఉండవచ్చు. పీహెచ్ 7.5 వద్ద స్వేచ్ఛా క్లోరిన్‌లో సుమారు సగం చురుకుగా పనిచేస్తుంది. 8 వద్ద పావు వంతే. కాబట్టి పీహెచ్‌ను సరిదిద్దకుండా క్లోరిన్ పోస్తూ పోవడం చిల్లికుండలో నీళ్ళు పోయడమే. ఈ రెండు పరీక్షలూ ఈత ఉన్న ప్రతిరోజూ చేయాలి.

పీహెచ్ నిలకడగా ఉండాలంటే నీటి క్షారత 80 నుండి 120 మధ్య ఉండాలి. దీనిని వారానికొకసారి చూస్తే చాలు. ముందు క్షారత, తరువాత పీహెచ్, చివరకు క్లోరిన్ సరిచేయాలి. కుళాయిలపై తెల్లని పొర కట్టే బోరు నీటితో నింపేవారు కాఠిన్యాన్ని కూడా పరీక్షించాలి. అది 400 దాటితే కొంత నీటిని తీసివేసి మెత్తని నీరు నింపాలి.

మోతాదుకు లెక్క కావాలి. 6 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, సగటున 1.2 మీటర్ల లోతు ఉన్న కొలనులో 21,600 లీటర్ల నీరు పడుతుంది. క్షారతను 10 పెంచడానికి సుమారు 360 గ్రాముల వంట సోడా కావాలి. క్లోరిన్‌ను 2 మిల్లీగ్రాములు పెంచడానికి 65 శాతం బలం గల కాల్షియం హైపోక్లోరైట్ సుమారు 66 గ్రాములు సరిపోతుంది. క్లోరమైన్లను తొలగించడానికి వాటికి పది రెట్ల క్లోరిన్ ఒకేసారి వేయడం రివాజు. మేము పీహెచ్ తగ్గించి, సాయంత్రం పూట అర కిలో వేశాము. స్వేచ్ఛా క్లోరిన్ తిరిగి 3కు దిగేవరకు ఎవరినీ దిగనివ్వలేదు. క్లోరిన్ మరీ ఎక్కువైతే పరీక్షలో వచ్చే గులాబీ రంగు వెలిసిపోయి, క్లోరిన్ లేనట్టే కనబడుతుంది. అనుమానం ఉంటే క్లోరిన్ లేని నీటిని సమపాళ్ళలో కలిపి మళ్ళీ చూసి, వచ్చిన అంకెను రెట్టింపు చేయాలి.

మందుల విషయంలో నిర్లక్ష్యం పనికిరాదు. ఆమ్లాన్ని, క్లోరిన్ పొడిని ఎన్నడూ కలపరాదు, విషవాయువు వెలువడుతుంది. రెండు రకాల క్లోరిన్ మందులను ఒకే డబ్బాలో కలిపితే మంటలు రేగవచ్చు. మందును నీటిలో వేయాలే కాని, నీటిని మందుపై పోయరాదు. పిల్లలకు అందని, గాలి ఆడే చోట తాళం వేసి ఉంచాలి. అడుగు స్పష్టంగా కనిపించనంత మసక నీటిలో ఎవరూ దిగరాదు. మునిగిన బిడ్డ కూడా కనిపించడు.

ఇప్పుడు మా తమ్ముడు కొలను పక్కన ఒక నోటు పుస్తకం ఉంచాడు. ఆ రోజు అంకెలు వ్రాసేవరకు ఎవరూ దిగకూడదన్నది నియమం. పిల్లలు ముందుగా మూత్రవిసర్జనకు వెళ్ళి, ఒళ్ళు కడుక్కొని రావాలన్నది రెండవ నియమం. కొలను మనది కావచ్చు. అందులో దిగే బంధువుల పిల్లలు మాత్రం ఆ కాసేపు మన వద్ద ఉన్న అమానతు. వారి తల్లిదండ్రులు నీటిని పరీక్షించరు, మనల్ని నమ్మి పంపుతారు.