తాళిబలం, కేసు షీటు

చావు అంచుదాకా వెళ్ళిన మగమనిషి ఆసుపత్రి నుంచి తన కాళ్ళ మీద ఇంటికొస్తే, చూడవచ్చిన ముత్తైదువలు ఆయన భార్యతో అనే మాట ఒక్కటే: "నీ తాళి గట్టిదమ్మా." రాత్రంతా మానిటర్ కనిపెట్టుకుని కూర్చున్న జూనియర్ డాక్టరు, వేళకు పడిన యాంటీబయాటిక్, ముక్కూమొహం తెలియని వాడు ఇచ్చిన రక్తం ఏవీ ఆ లెక్కలోకి రావు. అదే మనిషి అంబులెన్సులో శవమై వస్తే మాట మారుతుంది గాని లెక్క మారదు. నూకలు చెల్లాయంటారు, దాని రాత అంతే అంటారు, నోరు కటువైన వాళ్ళయితే దాని పాదం మంచిది కాదంటారు. బతికినా చచ్చినా, మధ్యలో ఆ పది రోజులూ ఆసుపత్రిలో ఏం జరిగిందన్న ప్రశ్న మాత్రం ఎవరి నోటా రాదు. తాళిబలం, తలరాత అన్న ఈ జంట నమ్మకాలు మనిషికి ధైర్యమిస్తాయో లేదో తర్వాత చూద్దాం. ఒక పని మాత్రం అవి తప్పకుండా చేస్తున్నాయి. వైద్యంలో జరిగిన పొరపాటు ఆనవాలు మిగలకుండా తుడిచేస్తున్నాయి. ఆనవాలు లేని పొరపాటు పక్క మంచంలో మళ్ళీ జరుగుతుంది.

ఒక్క సంగతి దగ్గరగా చూద్దాం. మన ఊళ్ళ శాపనార్థాల్లో అన్నిటికన్నా ఘోరమైనది "పురుగులు పడి చస్తావు" అన్నది. చేసిన పాపం పండితే ఒళ్ళు కుళ్ళి, పుండులో పురుగులు పడి ప్రాణం పోతుందని దాని వెనకున్న నమ్మకం. అందుకే పక్షవాతంతో మంచానపడ్డ మనిషికి నడుం కింద, తుంటి మీద, మడమల దగ్గర పుళ్ళు పడితే ఇంటిల్లిపాదీ తలదించుకుంటారు. భార్య ఆ పుండు చుట్టాల కంటపడకుండా దుప్పటి కప్పుతుంది. ఆ పుండు పుట్టిన తీరు చూస్తే పాపానికి అందులో చోటే కనిపించదు. గంటల తరబడి ఒకే పక్క మీద ఉంటే ఎముకకూ పరుపుకూ మధ్య నలిగిన చర్మానికి రక్తం అందదు. ముందు ఎర్రగా కందుతుంది. వేలితో నొక్కినా ఆ ఎరుపు పోకపోతే ప్రమాదం మొదలైనట్టే. నర్సింగ్ పాఠాల్లో రెండు గంటలకోసారి పక్క మార్చమని చెప్పేది ఇందుకే. ఆ పని తప్పితే చర్మం చిట్లి కండ కుళ్ళుతుంది. కట్టు మార్చకుండా వదిలేసిన పుండు మీద ఈగ వాలి గుడ్లు పెడితే ఒకటి రెండు రోజుల్లో పురుగులు కనిపిస్తాయి. ఈగకు ఎవరి పూర్వజన్మ సంగతీ తెలియదు. ఎంత జాగ్రత్తగా చూసినా కొందరికి, ముఖ్యంగా షుగరు ముదిరి తిండి ఒంటబట్టని వాళ్ళకు, పుళ్ళు పడతాయన్నది నిజమే. అయినా పుండు కనపడగానే ముందు అడగవలసింది రాత్రి పక్క ఎవరు మార్చారు, ఎన్నిసార్లు మార్చారు, ఎక్కడ రాశారు అని. ఒక నర్సు చేతికింద ముప్పై మంచాలుండే వార్డులో చాలాసార్లు వచ్చే జవాబు ఎవరూ మార్చలేదనే. ఆ జవాబు పట్టుకుని నర్సుల్ని పెంచమని నిలదీయొచ్చు, పక్క మార్చే పద్ధతి ఇంటివాళ్ళకు నేర్పమని అడగొచ్చు. పాపం అన్న జవాబు పట్టుకుని ముడుపు కట్టడం తప్ప ఏం చేయగలం?

కారణం వెతకడమంటే ఏమిటో చూపిన ఉదంతం వియన్నాలో ఉంది. 1840లలో అక్కడి జనరల్ ఆసుపత్రిలో రెండు ప్రసూతి విభాగాలుండేవి. మొదటిదాంట్లో వైద్య విద్యార్థులు, రెండోదాంట్లో మంత్రసానులు కాన్పులు చేసేవారు. 1846లో మొదటి విభాగంలో నూటికి పదకొండు మందికి పైగా బాలింతలు జ్వరంతో చనిపోతే, రెండోదాంట్లో చనిపోయినవాళ్ళు నూటికి ముగ్గురు కూడా లేరు. ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే యువ వైద్యుడు తేడాలన్నీ ఒక్కొక్కటిగా పరీక్షకు పెట్టాడు. అందులో ఒకటి మతానిది. చనిపోతున్నవాళ్ళకు చివరి ప్రార్థన చేయడానికి వచ్చే పూజారి మొదటి విభాగంలో గంట మోగిస్తున్న సహాయకుడి వెనక వార్డులన్నీ దాటుకుంటూ వెళ్ళేవాడు; ఆ గంట విని బాలింతలు హడలిపోయి జ్వరం తెచ్చుకుంటున్నారని ఒక వాదన. సెమ్మెల్‌వైస్ దాన్ని కొట్టిపారేయలేదు, నమ్మనూలేదు. గంట ఆపి చుట్టుదారిన రమ్మని పూజారిని ఒప్పించాడు. చావులు తగ్గలేదు. 1847లో కొలెచ్కా అనే తోటి వైద్యుడు శవపరీక్ష చేస్తుండగా కత్తి గీసుకుని చనిపోయాడు. ఆయన శవపరీక్ష నివేదికలో కనిపించింది బాలింతల ఒంట్లో కనిపించిన జబ్బే. విద్యార్థులు శవాలను కోసిన చేతులతోనే కాన్పులకు వస్తున్నారు! క్లోరిన్ కలిపిన సున్నపు నీళ్ళతో చేతులు కడుక్కోవడం తప్పనిసరి చేశాక 1848లో మొదటి విభాగంలో చావులు నూటికి ఒకటిన్నర కూడా లేవు. శవాన్ని కోయనిస్తే ఆత్మ క్షోభిస్తుందని పోస్టుమార్టానికి అడ్డంపడే మన ఇళ్ళలో కొలెచ్కా సంగతి చెప్పుకోవడం మంచిది. ఇక్కడ హేతువాదులు గుర్తుంచుకోవలసిందీ ఒకటుంది. సెమ్మెల్‌వైస్‌ను ఎగతాళి చేసినవాళ్ళలో చాలామంది పూజారులు కారు, పేరుమోసిన ప్రసూతి వైద్యులు.

వైద్యరంగానికీ తనదైన తలరాత ఉంటుందని తేలింది ఇటీవలే. ఐసీయూలో పెద్ద రక్తనాళంలోకి వేసే గొట్టం ద్వారా ఇన్ఫెక్షన్ రావడం చాలాకాలం తప్పని నష్టం కింద చెల్లిపోయింది. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో పీటర్ ప్రొనొవోస్ట్ బృందం చేతులు కడగడం, చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్‌తో శుభ్రం చేయడం, రోగిని నిండుగా కప్పడం, వీలైతే తొడ దగ్గర గొట్టం వేయకపోవడం, అవసరం తీరగానే తీసేయడం అన్న ఐదు పనులను కాగితం మీద రాసి, ప్రతిసారీ టిక్కు పెట్టించింది. 2006లో వెలువడిన ఫలితాల ప్రకారం ఆ ఇన్ఫెక్షన్లు ఏడాదిన్నరలో మూడింట రెండు వంతుల దాకా తగ్గాయి. కొత్త మందేమీ కనిపెట్టలేదు. ఆపరేషన్ థియేటర్‌లో చదివే చెక్‌లిస్టును ప్రపంచ ఆరోగ్య సంస్థ ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లో పరీక్షిస్తే మరణాలు నూటికి ఒకటిన్నర నుంచి 0.8కి దిగాయి, ఆ వివరాలు 2009లో అచ్చయ్యాయి. వైద్యం పొందుతున్న ప్రతి పదిమందిలో సుమారు ఒకరికి ఆ వైద్యం వల్లే ఏదో ఒక హాని జరుగుతోందని, అందులో సగానికి పైగా ఆపగలిగినదేనని అదే సంస్థ చెబుతోంది. ఇన్ని చావులు ఆయుష్షు తీరి వచ్చినవైతే ఒక కాగితం ముక్కకు ఆయుష్షు పెంచే శక్తి ఉందని ఒప్పుకోవాలి.

ఇక ఈ నమ్మకాల బరువు ఎవరి మీద పడుతోందో చూడాలి. సావిత్రి కథలో సత్యవంతుడికి వైద్యుడు లేడు, మందు లేదు. భార్య వ్రతం, భార్య మాటకారితనం మాత్రమే ఉన్నాయి. కథగా అది గొప్పదే. దాన్ని ఐసీయూ బయట కుర్చీలో కూర్చున్న ఆడమనిషికి కొలబద్దగా పెట్టడమే అన్యాయం. ఐదోతనం కోసం అట్లతద్ది నుంచి వరలక్ష్మీ వ్రతం దాకా భార్య చేసే నోములు బోలెడు. భార్య ఆయుష్షు కోసం భర్త ఉపవాసముండే నోము ఒక్కటైనా మన పంచాంగంలో వాడుకలో ఉందా? ఆమె మంచానపడితే సేవ చేసేది కూతురో చెల్లెలో. మనదేశంలో బతికుండగా కిడ్నీ ఇచ్చేవాళ్ళలో ఎక్కువమంది స్త్రీలు, పుచ్చుకునేవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళు కావడం ఈ నీతికి ఆసుపత్రి రికార్డుల్లోని ప్రతిబింబం. పైగా సేవ చేసే మనిషి ఒంటికి ఏమవుతోందో ఎవరికీ పట్టదు. అమెరికాలో వృద్ధ దంపతులను నాలుగేళ్ళు గమనించిన షుల్జ్, బీచ్ అనే పరిశోధకులు 1999లో చెప్పిందేమిటంటే, జబ్బుపడ్డ భాగస్వామికి సేవ చేస్తూ ఆ భారంతో నలిగిపోతున్నవాళ్ళకు చావు ముప్పు, అలాంటి సేవాభారం లేనివాళ్ళకన్నా 63 శాతం ఎక్కువ. అలాంటి మనిషిని సోమవారం, శనివారం పస్తులుంచి, రాత్రుళ్ళు నేలమీద పడుకోబెట్టి, దాన్ని పాతివ్రత్యమని మెచ్చుకుంటున్నాం.

నమ్మకం వల్ల ధైర్యం వస్తుంది గదా, అదీ లాగేసుకుంటారా అని అడుగుతారు. కష్టంలో ఉన్న మనిషి దణ్ణం పెట్టుకుంటే చేయి పట్టుకుని ఆపే హక్కు ఎవరికీ లేదు. అయితే ఆ ధైర్యం ఉచితంగా రాదు. తాళి కాపాడిందని నమ్మిన మనసు, కాపాడనప్పుడు తప్పు తన తాళిదేనని నమ్మక తప్పదు. ఏ శుక్రవారం దీపం పెట్టలేదో, ఏ నోము ఉద్యాపన మిగిలిపోయిందో అని ఏళ్ళ తరబడి తనను తాను తవ్వుకునే వితంతువులు మన చుట్టూ ఎందరో. ఇక ప్రార్థనకు రోగం మీద పట్టుందా అన్నది కొలిచి చూశారు కూడా. అమెరికాలోని ఆరు ఆసుపత్రుల్లో బైపాస్ ఆపరేషన్ చేయించుకున్న 1802 మంది మీద జరిగిన అధ్యయనం 2006లో వెలువడింది. ప్రార్థన జరుగుతుందో లేదో తెలియనివాళ్ళలో, వాళ్ళకోసం ప్రార్థించిన గుంపులో 52 శాతానికి, ప్రార్థించని గుంపులో 51 శాతానికి ఇబ్బందులొచ్చాయి. తమకోసం ప్రార్థిస్తున్నారని ముందే తెలిసినవాళ్ళలో ఆ సంఖ్య 59. అది వాళ్ళ దేవుడి సంగతి, మా దేవుడు వేరు అనేవాళ్ళుంటే అదే పద్ధతిలో మృత్యుంజయ హోమాన్నీ పరీక్షకు పెట్టవచ్చు, అభ్యంతరం ఏముంటుంది?

ఇంతకన్నా గట్టి అభ్యంతరం మరొకటుంది. ప్రతిదీ ప్రశ్నించమంటే జనం డాక్టర్ల మీద పడి కొడతారని, ఇప్పటికే ఆసుపత్రుల అద్దాలు పగులుతున్నాయని వైద్యులు వాపోతున్నారు. వాళ్ళ భయం ఊరికే పుట్టింది కాదు. కాని కొట్టేవాడు ప్రశ్న అడిగినవాడని ఎవరన్నారు? డాక్టరును దేవుడని మొక్కినవాడే, ప్రాణం పోగానే ఆయన్ను రాక్షసుడనుకుంటాడు. దేవుడికీ రాక్షసుడికీ రెంటికీ పూర్తి శక్తి ఉంటుంది గనక మధ్యలో అలసట, సిబ్బంది కొరత, చీటీ మీద అర్థంకాని రాత వంటివి అతనికి కనపడవు. మెడికల్ షాపువాడు ఇచ్చిన ఇంజెక్షన్ పేరూ చీటీలో పేరూ ఒకటేనా అని సరిచూసుకునే భార్య, మందు పడనిదని ముందే చెప్పి కేసు షీటు మీద రాయించే భార్య, మూత్రం సంచిని స్ట్రెచర్ మీద రోగి ఒళ్ళో పెడితే కిందికి వేలాడదీయమనే భార్య ఎవరి మీదా చెయ్యెత్తలేదు. చదువురాని మనిషికి ఇవన్నీ ఎలా తెలుస్తాయంటారా? నూరు నోముల నియమాలు, ఏ తిథికి ఏది తినకూడదో, ఏ దారానికి ఎన్ని ముడులో ఆమెకు కంఠతా వచ్చు. నేర్పితే వచ్చినవే అవి.

మనకు దొరికే రుజువులూ కాగితాల్లోనే ఉంటాయి. అమెరికాలో ఉంటున్న వైద్యుడు కునాల్ సాహా భార్య అనురాధ 1998లో కోల్‌కతా వచ్చినప్పుడు దద్దుర్లతో మొదలైన జబ్బు తీవ్ర చర్మవ్యాధిగా తేలి, మే 28న చనిపోయారు. నిదానంగా పనిచేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్‌ను రోజుకు రెండుసార్లు ఇవ్వమని రాసిన చీటీ కేసులో కీలకమైంది. నిర్లక్ష్యం జరిగిందని 2009లో చెప్పిన సుప్రీంకోర్టు, 2013లో పరిహారాన్ని దాదాపు ఆరు కోట్లకు పెంచింది. ఆయన వైద్యుడు గనక పదిహేనేళ్ళు పోరాడగలిగాడన్నది ఒప్పుకోవలసిందే. సామాన్యులకు అంత బలం లేదు, ప్రతి చావులోనూ నిర్లక్ష్యం ఉండదు కూడా. ఉందో లేదో తేలాలన్నా ముందు కాగితం చేతికి రావాలి. 2002 నాటి వైద్య మండలి నియమాల ప్రకారం అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి, మూడేళ్ళు భద్రపరచాలి. వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళడానికి గడువు రెండేళ్ళు.

ఆ గడువు మొదలయ్యే రోజుల్లో మన ఇంట్లో జరిగేదేమిటి? పదో రోజు గాజులు పగలగొట్టడం, పసుపుకుంకుమలు తీసేయడం, పదకొండో రోజు, పన్నెండో రోజు, పెద్దకర్మ భోజనాల పద్దులు. సెలైన్ ఏ వేళకు ఆగిపోయిందో, ఏ సూది తర్వాత ఆయాసం ఎక్కువైందో, రాత్రి రెండింటికి పిలిస్తే ఎంతసేపటికి వచ్చారో దగ్గరుండి చూసిన మనిషి ఆ భార్య ఒక్కతే. కొన్ని కులాల్లో, కొన్ని ప్రాంతాల్లో ఇప్పటికీ ఆమెను నెలల తరబడి గడప దాటనివ్వరు, ఎదురొస్తే అశుభమంటారు. బావగారో మరిదో ఆసుపత్రికి వెళ్ళి బిల్లు కట్టి డెత్ సర్టిఫికెట్ తెస్తారు. కేసు షీటు నకలు అడగాలని వాళ్ళకు తోచదు. తోచినా అందులో రాసింది నిజమో కాదో చెప్పగలిగిన ఒక్క సాక్షినీ మూల గదిలో కూర్చోబెట్టి వచ్చారు.