ఇత్తడి బిళ్లకూ వారసులుంటారు



సోదర సోదరీమణులారా! ఈ నెల రేపల్లె నుండి ఒక సోదరి పంపిన ప్రశ్నను తీసుకుంటున్నాను. ఆమె మామగారు కిరాణా వర్తకులు. ఆయన మరణించిన తర్వాత పాత గల్లాపెట్టెలో కొన్ని వెండి రూపాయలు, అంగళ్ల పేర్లు ముద్రించిన ఇత్తడి బిళ్లలు, అరబీ వంటి రాత ఉన్న ఒక నాణెం బయటపడ్డాయి. వాటికి లక్షలు పలుకుతాయనీ, ముందుగా రుసుము కట్టాలనీ ఎవరో ఫోనులో చెప్పారు. ఇంట్లోని మగవారేమో, ఇది తుక్కు సామాను, ఆడపడుచులకు చెప్పనవసరం లేదంటున్నారు. ఏది నిజం, ఏది న్యాయం అని ఆమె అడిగారు.

తెనాలి, బాపట్ల వైపు నుండి కూడా ఇటువంటి వస్తువులను చదివించుకోవడానికి మా మద్రసాకు తెస్తుంటారు. కనుక ముందు గుర్తింపు గురించి, తర్వాత హక్కు గురించి చెబుతాను.

చిల్లర కొరత ఏర్పడినప్పుడు వర్తకులు సొంత బిళ్లలు వేయించుకోవడం అనేక దేశాలలో జరిగింది. బ్రిటన్‌లో 1787లో పారిస్ రాగి గని కంపెనీ అటువంటి బిళ్లలను విడుదల చేసింది. ఇతర వర్తకులు ఆ మార్గం పట్టి, తమ పేరూ చిరునామా ముద్రించి వాటిని ప్రకటనలుగా కూడా వాడుకున్నారు. 1817లో అక్కడి చట్టం వాటిని నిషేధించింది. మన దేశంలో ప్రైవేటు వ్యక్తులు డబ్బుగా చెలామణీ చేసేందుకు లోహపు బిళ్లలు తయారు చేయడాన్ని 1889 నాటి చట్టం నిషేధించింది. దాని స్థానంలో 2011 నాటి నాణేల చట్టం వచ్చింది. కాబట్టి దుకాణం పేరో, హోటలు పేరో, ఒక అంకెో మాత్రమే ఉన్న బిళ్ల సర్కారు నాణెం కాదు. అది ప్రకటన కోసమో, లెక్క కోసమో వాడిన గుర్తు.

దాని కాలాన్ని దానిమీది రాతే కొంతవరకు చెబుతుంది. వెల అణాలలో ఉంటే 1957 ఏప్రిల్ 1కి, అంటే నయాపైసలు రాకకు మునుపటిది కావచ్చు. గుంటూరు జిల్లా అని ఉన్నంత మాత్రాన పాతదని భావించరాదు. రేపల్లె, బాపట్ల 2022 ఏప్రిల్ వరకు ఆ జిల్లాలోనే ఉన్నాయి. తెనాలి నేటికీ ఉంది.

ఇక అరబీ వంటి రాత. ఇటువంటి నాణేలపై ఉండేది చాలావరకు పారసీ భాష. ఖుర్ఆన్ వాక్యం కాదు. ఉదాహరణకు, మద్రాసులో ఈస్టిండియా కంపెనీ వేయించిన ఆర్కాటు రూపాయిపై రెండవ ఆలంగీరు పేరు, హిజ్రీ 1172, తామర గుర్తు ఉంటాయి. ఆ పాదుషా గతించిన తర్వాత కూడా దశాబ్దాల పాటు అదే సంవత్సరంతో ముద్రించారు. కాబట్టి నాణెంమీది సంవత్సరమే దాని వయసు కాకపోవచ్చు. రామ పట్టాభిషేకం బొమ్మతో, కంపెనీ పేరుతో, 1818 అని కనిపించే అణా బిళ్లలను కంపెనీ ఎన్నడూ వేయలేదు. అవి తర్వాతి కాలపు కల్పితాలు.

వెండి రూపాయల సంగతి తేలిక. బ్రిటిషు రూపాయి బరువు 11.66 గ్రాములు. 1939 వరకు అందులో వెండి నూటికి 91.7 వంతులు, 1940 నుండి సగమే. 1947 నాటిది నికెల్, అయస్కాంతానికి అంటుకుంటుంది.

విలువకు నాలుగు ఆధారాలు: లోహం, స్థితి, అరుదుతనం, కోరేవారి సంఖ్య. ఇత్తడి బిళ్లకు లోహపు వెల స్వల్పమే. మీ ఊరి పేరు ఉంటే మీ ఊరి పాత వస్తువులు సేకరించేవారు కొంత ఎక్కువ ఇవ్వవచ్చు. దయచేసి చింతపండుతో తోమకండి. ఇంటి బిందెకు ఆ మెరుపు అందం, పాత బిళ్లకు అది నష్టం. రెండు వైపులా ఫోటో తీసి, తూచి, కనీసం ఇద్దరు ముగ్గురిని అడగండి.

ముందు రుసుము కట్టమన్నవారిని అక్కడికక్కడే వదిలేయండి. రిజర్వు బ్యాంకు పేరు చెప్పి పాత నాణేలు, నోట్ల అమ్మకంపై రుసుము అడిగేవారిని నమ్మవద్దని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. బియ్యాన్ని ఆకర్షించే నాణెమని, 786 అంకె ఉన్న నోటు అదృష్టమని చెప్పే మాటలూ వలలే. ఆ అంకె బిస్మిల్లాహ్ అక్షరాల లెక్క మాత్రమే. దానికి షరీఅత్ ఏ మహిమనూ ఆపాదించలేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. మృతుని అంత్యక్రియల ఖర్చు, అప్పులు, వసీయత్ తీరిన తర్వాత మిగిలినదంతా వారసులది. తల్లిదండ్రులు, దగ్గరి బంధువులు విడిచిన ఆస్తిలో పురుషులకూ స్త్రీలకూ వాటా ఉందనీ, అది కొంచెమైనా ఎక్కువైనా సరేననీ సూరయె నిసాలో అల్లాహ్ స్పష్టం చేశాడు. "కొంచెమైనా" అన్న ఆ మాట ఈ గల్లాపెట్టెకూ వర్తిస్తుంది. ఇది తుక్కే అయితే ఆడపడుచులకు చూపడానికి సంకోచమెందుకు? విలువైనదే అయితే దాచే అధికారమెవరికి?

అమ్మా! పెట్టెలోని వస్తువులన్నింటికీ ఒక పట్టిక వ్రాయించండి. అందరు వారసుల ఎదుటా వెల కట్టించండి. కూతురికి కొడుకు వాటాలో సగం, మామగారి భార్య జీవించి ఉంటే ఆమెకు ఎనిమిదవ వంతు లెక్కించండి. ఎవరైనా జ్ఞాపకంగా ఒక బిళ్ల ఉంచుకోదలిస్తే మిగిలినవారు మనస్ఫూర్తిగా అంగీకరించాలి. అమ్మేటప్పుడు లోపం ఉంటే చెప్పండి. పైన పొడి ధాన్యం, అడుగున తడి ధాన్యం ఉంచి అమ్ముతున్న వర్తకుణ్ణి దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) మందలించి, మోసగించేవాడు మావాడు కాడని హెచ్చరించారు.

ఆ బిళ్లలు ఎంతకు అమ్ముడుపోతాయో నేను చెప్పనక్కరలేదు. ఆడపడుచుల వాటా వారికి చేరితే మామగారి ఆత్మకు అది మేలు, ఇంట్లో మిగిలేది బర్కత్. అల్లాహ్ మనందరికీ హక్కులు గుర్తించే బుద్ధిని ప్రసాదించుగాక. ఆమీన్.