ధూళి సాయంతో అణువుల తూకం

మేలూరు సంతలో బెల్లం తూచే తక్కెడ వేరు, కంసాలి దగ్గర బంగారం తూచే త్రాసు వేరు. సరుకు సన్నబడే కొద్దీ త్రాసు సున్నితం కావాలి గదా! మరి మన నెత్తుటిలోని అణువును తూచవలసి వస్తే ఎట్లా? ఈ నెల ఆ సంగతి చెప్పుకొందాము. పండితుల గోష్ఠి అనుకొని పుట త్రిప్పవద్దని మనవి. జ్వరంతో మంచమెక్కిన బిడ్డ దాకా వచ్చే విషయమిది.

ఆ త్రాసును మాస్ స్పెక్ట్రోమీటరు అంటారు. అందులో ఒక రకం ఇట్లా పనిచేస్తుంది. అణువుకు విద్యుదావేశం కల్పించి, గాలి తీసిన గొట్టంలో ముందుకు తోస్తారు. ఖాళీ బండినీ, వడ్ల బస్తాల బండినీ ఒకే బలంతో తోస్తే తేలికది ముందు పోతుంది, బరువైనది వెనుకబడుతుంది. చేరడానికి పట్టిన కాలాన్ని బట్టి బరువు లెక్క కడతారు.

చిక్కెక్కడంటే, తూచే ముందు అణువు గాలిలోకి లేవాలి. నీటి అణువు బరువు 18, గ్లూకోజుది 180. హెమోగ్లోబిన్‌ది సుమారు 64,500. ఇంత పెద్ద మాంసకృత్తులను వేడిచేసి లేపబోతే పాడైపోతాయి. కోడిగ్రుడ్డు తెల్లసొన పెనం మీద ఏమవుతుందో మన ఇల్లాండ్రకు వేరే చెప్పాలా?

ఈ చిక్కును విప్పినవారిలో ఒకరు జపానులో, క్యోటో నగరపు షిమాడ్జు కంపెనీలో పనిచేసిన కొయిచి తనాకా. ఆయన చదివింది విద్యుత్ ఇంజనీరింగు, డాక్టరేటు లేదు. 1985లో కోబాల్టు లోహపు అతిసన్నని పొడిలో పొరపాటున గ్లిజరిన్ కలిపారు. ఖరీదైన పొడిని పారవేయ మనసొప్పక దానినే పరీక్షకు పెట్టారు. పెద్ద అణువు చెడకుండా లేచింది! 1987 నాటికి 25,000 దాటిన మాంసకృత్తును తూచి చూపారు. 2002లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమతిలో ఆయనకు భాగం దక్కింది.

ఆ పొడి చేసిన మేలేమిటి? బజారులో వేరుశనగలు వేయించేవాడు మూకుడులో ఇసుక పోస్తాడు. ఇసుక వేడిని తాను పట్టి గింజకు సమంగా అందిస్తుంది, గింజ మాడదు. ఇక్కడ లేసరు కాంతి నిప్పు, ధూళి ఇసుక. మీటరులో నూరు కోట్లవ వంతు ఒక నానోమీటరు. తనాకా వాడిన రేణువు సుమారు ముప్పై నానోమీటర్లు.

అదే కాలంలో జర్మనీలో హిల్లెన్‌కాంప్, కారస్ అనేవారు ధూళికి బదులు సేంద్రియ స్ఫటికాలు వాడారు. ఆ పద్ధతే ఎక్కువ వ్యాపించింది. కాని ఆ స్ఫటికాల సొంత అణువులు కూడా త్రాసుకెక్కి, చక్కెరల వంటి చిన్న అణువుల గుర్తులను కప్పివేస్తాయి. అందుకే శాస్త్రజ్ఞులు మళ్ళీ ధూళి వైపు తిరిగారు: బంగారు రేణువులు, టైటానియం ఆక్సైడు, గ్రాఫీన్ మొదలైనవి. ఈ విద్యకై మన హైదరాబాదులోని భారత రసాయన సాంకేతిక సంస్థలో జాతీయ కేంద్రమే నెలకొల్పారు.

ఇక జ్వరం మాట. నెత్తుటిలో క్రిమి చేరిందని అనుమానిస్తే, నెత్తురు తీసి క్రిమిని పెంచుతారు. పెరిగిన క్రిమి మాంసకృత్తులను ఈ యంత్రంలో తూచి, దాని పేరును నిమిషాలలో చెప్పవచ్చును. పూర్వం దీనికే ఒక రోజు, ఒక్కొక్కప్పుడు అంతకన్న ఎక్కువ పట్టేది. కాని క్రిమి పెరిగే దాకా ఆగడం మాత్రం తప్పలేదు. అయస్కాంతానికి అంటే ఇనుప ఆక్సైడు ధూళితో కొద్దిపాటి క్రిములనే ఏరి పట్టి, ఆ ఆలస్యాన్నీ తగ్గించాలని పరిశోధనలు సాగుతున్నాయి.

మన ఇళ్ళలో ఒక అలవాటున్నది. జ్వరం రాగానే మందుల దుకాణంలో అడిగి ఆంటీబయాటిక్ బిళ్ళ మింగించి, తగ్గకపోతేనే మదురైకి పరుగెత్తుతాము. ఆ బిళ్ళ తిన్నాక తీసిన నెత్తుటిలో క్రిమి సరిగా పెరగకపోవచ్చును. పెరగని క్రిమికి పేరు చెప్పడం ఎంత గొప్ప త్రాసుకైనా కష్టమే. కాబట్టి తల్లులారా, ముందు వైద్యునికి చూపండి. ఆయన చెప్పిన తరువాతనే బిళ్ళ. ముందే ఏదైనా వేసి ఉంటే దాని పేరు దాచక చెప్పండి.