హార్డ్‌డిస్క్ మొరాయిస్తోందా?

పాత కంప్యూటర్ ఆన్ చేసి, కాఫీ తాగి వచ్చినా డెస్క్‌టాప్ పూర్తిగా రాలేదా? ఒక్క ఫైలు తెరవడానికి నిమిషాలు పడుతోందా? ఇలాంటప్పుడు వైరస్ అనో, ర్యామ్ చాలడం లేదనో అనుకుంటాం. విండోస్ మళ్లీ లోడ్ చేయమని పక్కింటాయన సలహా కూడా ఇస్తాడు. ఆ పనికి ముందు హార్డ్‌డిస్క్ నాడి పట్టి చూడండి.

విండోస్ 10, 11లలో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. 'పెర్ఫార్మెన్స్'లోకి వెళ్లి డిస్క్‌ని ఎంచుకోండి. మీరు ఏ పనీ చేయకపోయినా అది చాలాసేపు 100 శాతం దగ్గరే ఉంటే అనుమానించాలి. ఉచితంగా దొరికే 'క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో' ప్రోగ్రామ్, డిస్క్ తన గురించి తాను రాసుకున్న చిట్టాను చూపిస్తుంది. అందులో 'కరెంట్ పెండింగ్ సెక్టార్' దగ్గర సున్నా కాక మరో అంకె ఉంటే, కొన్నిచోట్ల డేటా సరిగా చదవలేకపోతోందని అర్థం. అలాంటి చోట డిస్క్ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. అంతసేపూ కంప్యూటర్ ఎదురుచూస్తుంది. అంటే ఆ నెమ్మదే ప్రమాద ఘంటిక! 'సీఆర్‌సీ ఎర్రర్' అంకె పెరుగుతుంటే మాత్రం ముందు కేబుల్ మార్చి చూడండి. తప్పు చాలాసార్లు దానిదే.

పెండింగ్ సెక్టార్లు కనిపిస్తే డీఫ్రాగ్, చెక్‌డిస్క్‌ల జోలికి పోకండి. అసలే నీరసించిన డిస్క్‌తో మరింత చాకిరీ చేయించినట్టవుతుంది. ముందు పిల్లల ఫొటోలు, పెళ్లి వీడియోలు, ముఖ్యమైన కాగితాలు వేరే డ్రైవ్‌లోకి కాపీ చేయండి. టకటకమని చప్పుడు వస్తుంటే వెంటనే ఆపేసి, డేటా రికవరీ నిపుణులకు చూపించండి.

ఆ తర్వాతే కొత్త డిస్క్. కొనేదేదో ఎస్‌ఎస్‌డీ కొనండి. నిమిషానికి 7200 సార్లు తిరిగే హార్డ్‌డిస్క్‌కైనా ఒక్క చుట్టుకు 8 మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగమే లేదు. రెండున్నర అంగుళాల సాటా హార్డ్‌డిస్క్ ఉన్న ల్యాప్‌టాప్‌కు అదే సైజు సాటా ఎస్‌ఎస్‌డీ సరిపోతుంది. పాతది ఆరోగ్యంగా ఉంటే 'క్లోన్‌జిల్లా'తో ఉన్నదున్నట్టు దించుకోవచ్చు. అయితే కొత్తదాని సామర్థ్యం పాతదానికంటే తక్కువ ఉండకూడదు. పాడైన డిస్క్ అయితే విండోస్ కొత్తగా లోడ్ చేసుకోవడమే మేలు.

కాపీ చేసిన ఫైళ్లన్నీ సరిగ్గా తెరుచుకుంటున్నాయని చూసుకునేదాకా పాత డిస్క్‌ని పారేయకండి. ఎస్‌ఎస్‌డీ కూడా ఒక్కోసారి చెప్పాపెట్టకుండా పోతుంది. అందుకే వేగం ఎంత పెరిగినా, రెండో కాపీ తప్పనిసరి!