దేశదేశాల నగరాలు: వరిమడి పేరుగల కార్ల ఊరు

టొయోటా అనగానే మీకు రోడ్డు మీద పోయే కారు గుర్తుకు వస్తుంది. కాని జపాను దేశంలో అదే పేరుతో ఒక నగరం ఉన్నదని మీకు తెలుసా? అంతకన్నా వింత, ఆ పేరుకు "సమృద్ధిగా పండే వరిమడి" అని అర్థం!

ఒక చదరం గీసి, లోపల నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత గీయండి. గట్లు వేసిన నాలుగు మడులలాగా లేదూ? జపాను లిపిలో వరిమడికి అదే అక్షరం. హోండా పేరు చివర ఉన్న "డా" కూడా ఈ వరిమడే.

ఈ నగరాన్ని పూర్వం కొరోమో అనేవారు. అది పట్టు వ్యాపారానికి పేరుపొందిన ఊరు. పట్టుకు గిరాకీ పడిపోయేసరికి ఊరు చితికిపోయింది. అదే సమయంలో కీచిరో టొయోడా అనే ఆయన కార్ల కర్మాగారానికి చోటు వెతుకుతున్నాడు. ఆయన తండ్రి సకీచి మరమగ్గాలు కనిపెట్టినవాడు. ఊరిపెద్దలు బీడుపడిన మెరకభూమిని చూపించారు. 1938లో అక్కడ కర్మాగారం వెలిసింది. 1959లో ఊరు తన పాత పేరు వదిలి, కారు పేరు పెట్టుకున్నది.

ఇంటిపేరు టొయోడా అయితే కారు టొయోటా ఎలా అయింది? జపాను లిపిలో "టొయోటా" అని రాయడానికి ఎనిమిది గీతలు చాలు. ఎనిమిది అక్కడ శుభసంఖ్య!

ఇక నీటి సంగతి వినండి. ఈ నగరం గుండా యహాగి నది పారుతుంది. ఆ నీటిని దిగువనున్న మెట్టభూములకు మళ్లించాలని త్సుజుకి యకో అనే సారా వ్యాపారి కలలు కన్నాడు. ఆ ప్రయత్నంలో అప్పులపాలై, 1833లో చనిపోయాడు. కాని ఆయన కల చావలేదు. 1880లో కాలువ తవ్వడం పూర్తయి, మెట్టభూములు మాగాణి అయినాయి. ఆ కాలువకు మెయిజీ కాలువ అని పేరు. తరవాతి కాలంలో కర్మాగారాలు కూడా దాని నీటినే వాడుకోసాగాయి.

2022 మే నెలలో, సరిగ్గా నాట్ల వేళ, టొయోటా నగరంలోని ఆనకట్ట అడుగున గండి పడింది. నిలవవలసిన నీరంతా కిందినుంచి జారిపోయింది. పంపులు పెట్టి తోడిన కొద్దిపాటి నీటిని ముందు కర్మాగారాలకు ఇచ్చారు. రైతులు దుక్కి దున్నిన పొలాలు చూసుకుంటూ ఆగవలసి వచ్చింది. మరిన్ని పంపులు తెచ్చాక, నెలాఖరుకు పొలాలకు వంతులవారీగా నీళ్లు వదిలారు.

నీళ్లు లేకపోతే కర్మాగారం ఆగిపోతుంది, కూలి పోతుంది. నాటు అదను తప్పితే పంట పోతుంది. ఆ రోజున ఆ పంపుల దగ్గర మీరే అధికారి అయితే ముందు ఎవరికి నీళ్లు వదిలేవారు? ఎందుకు? అమ్మనూ నాన్ననూ కూడా అడిగి చూడండి.